కింది అంకె జోలికి పోవద్దు

మా కోనసీమలో పెద్దకర్మ నాడు భోజనాలకు ముందు చిన్న సభ పెట్టడం బాగా అలవాటైంది. షామియానా కింద పోయినవారి ఫోటోకి దండ వేసి, తెలిసినవాళ్లు నలుగురు మైకు ముందుకొచ్చి మంచి మాటలు చెబుతారు. వాటిలో ఒకటి మాత్రం ఏ ఊళ్లో విన్నా ఒకేలా ఉంటుంది. పదార్థానికి నాశనం లేదని సైన్సే చెబుతోంది, దాన్ని పుట్టించలేం, పోగొట్టలేం, రూపం మారుతుందంతే, గీతలో కృష్ణపరమాత్మ చెప్పిందీ అదే, కాబట్టి ఆయన ఎక్కడికీ పోలేదు అంటారు. కూర్చున్నవాళ్లు తలలూపుతారు. ఏడుస్తున్నవాళ్లకి కాస్త ఊరటగా ఉంటుంది.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పే టీచర్ని. పదో తరగతికి రసాయన చర్యలు, సమీకరణాల పాఠం ఏటా చెబుతాను. పొద్దున్నే దీపం పెట్టకుండా బడికి బయల్దేరను. గీత చదువుకుంటాను. పాఠమూ గీతా రెండూ నాకు ముఖ్యమైనవే కాబట్టి, ఆ రెండిటినీ అలా కలిపి చెబితే నాకు మింగుడుపడదు. మా పెద్ద మేనమామ పెద్దకర్మలో ఆ మాట చెప్పిన పెద్దాయన నావైపు తిరిగి, "ఏమ్మా టీచరమ్మా, అంతే కదా?" అని మైకులోనే అడిగారు. ఎదురుగా అత్తయ్య కూర్చుని ఉంది. అక్కడ వాదన పెట్టుకోవడం మర్యాద కాదు గనక నమస్కారం చేసి ఊరుకున్నాను. భోజనాలయ్యాక ఆయన పక్కన కుర్చీ వేసుకుని చెప్పిందే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు తరగతి గదిలో సంగతి చెప్పాలి. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరయ్యే సమీకరణం బోర్డు మీద రాసి తుల్యం చేయమంటాను. ఎడమ పక్క హైడ్రోజన్ రెండు, ఆక్సిజన్ రెండు. కుడి పక్క నీటిలో హైడ్రోజన్ రెండు, ఆక్సిజన్ ఒక్కటే. ఒక ఆక్సిజన్ తేడా వస్తోంది. ప్రతి ఏడూ ఎవరో ఒకరు, సాధారణంగా చురుకైన పిల్లవాడే, చాక్‌పీసు అందుకుని నీటి ఫార్ములాలో ఆక్సిజన్ కింద చటుక్కున రెండు వేసేస్తాడు. "సరిపోయిందండి మేడమ్!" అంటాడు. సరిపోయిన మాట నిజమే. రెండు పక్కలా నాలుగేసి పరమాణువులు లెక్కకొచ్చాయి. కాకపోతే కుడి పక్కన ఇప్పుడున్నది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. పుండు మీద పోస్తే తెల్లగా నురగ కక్కుతుందే, అది. దాహం వేస్తే తాగేది కాదు.

ఫార్ములాకి ముందు వేసే అంకె మన చేతిలో ఉంది. ఎన్ని అణువులు కావాలో అన్ని వేసుకోవచ్చు. కింద ఉన్న అంకె అలా కాదు. ఆ పదార్థం ఏమిటో అదే చెబుతుంది. దాన్ని కదిపితే లెక్క కుదరొచ్చు గానీ, ఏ వస్తువు గురించి లెక్క మొదలుపెట్టామో ఆ వస్తువు చేజారిపోతుంది. రెండు హైడ్రోజన్ అణువులు, ఒక ఆక్సిజన్ అణువు కలిస్తే రెండు నీటి అణువులు. ఇలా రాస్తే నీరు నీరుగానే ఉంటుంది, లెక్కా తేలుతుంది. పిల్లలకి ఈ పాఠంలో నేను మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తుగా చెబుతాను: కింది అంకె జోలికి పోవద్దు.

ఆ చిన్న అంకె అక్కడికి ఊరికే రాలేదు. 1808లో ఇంగ్లండ్‌లో జాన్ డాల్టన్ తన పరమాణు సిద్ధాంతాన్ని పుస్తకంగా వేసినప్పుడు, నీటికి ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ అనే రాసుకున్నాడు. వేరే ఆధారం లేనప్పుడు అన్నిటికన్నా సులువైన కూర్పునే తీసుకోవాలన్నది ఆయన నియమం. ఆ రోజుల్లోనే ఫ్రాన్స్‌లో గే-లుసాక్ వాయువుల ఘనపరిమాణాలు కొలిచాడు. రెండు భాగాల హైడ్రోజన్‌కి ఒక భాగం ఆక్సిజన్ సరిపోతోందనీ, రెండు భాగాల నీటి ఆవిరి వస్తోందనీ తేలింది. ఒక భాగం ఆక్సిజన్ రెండు భాగాల ఆవిరిలోకి ఎలా పంచుకుపోతుంది? ఆక్సిజన్ కణం రెండుగా చీలితే తప్ప కుదరదు. పరమాణువు చీలడమేమిటని డాల్టన్ ఒప్పుకోలేదు. 1811లో ఇటలీలో అవగాడ్రో ఆ చిక్కు విప్పాడు. చీలేది పరమాణువు కాదు, రెండు పరమాణువులు జతగా ఉన్న అణువు అన్నాడు. చాలా ఏళ్లు ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. 1860 సెప్టెంబరులో జర్మనీలోని కార్ల్‌స్రూహెలో రసాయన శాస్త్రజ్ఞులు సభ చేసుకున్నప్పుడు, కానిజారో అనే ఇటలీ ఆచార్యుడు అవగాడ్రో మాటని మళ్లీ అందరి ముందూ పెట్టాడు. సభ ముగిసేటప్పుడు ఆయన రాసిన చిన్న పుస్తకం పంచారు. అది పట్టుకెళ్లినవాళ్లలో ఇరవై ఆరేళ్ల మెండలీవ్ ఉన్నాడు. నీటిలో హైడ్రోజన్ కింద రెండు స్థిరపడటానికి అర్ధ శతాబ్దం పట్టింది. అంతమంది కొలిచి, పోట్లాడి నిలబెట్టిన అంకెని లెక్క తెమలడం కోసం మనం తుడిపేయకూడదు.

ఇప్పుడు ద్రవ్య నిత్యత్వ నియమం దగ్గరికి రావాలి, ఎందుకంటే మైకు ముందు పలికేది దాని పేరే. లావోయిజర్ ఈ నియమాన్ని 1789లో అచ్చయిన తన రసాయన శాస్త్ర గ్రంథంలో చెప్పాడు. చెప్పిన చోటు ఆసక్తిగా ఉంటుంది. అది ద్రాక్షరసం పులిసి సారా అయ్యే అధ్యాయం. పులియడానికి ముందు రసంలో ఉన్నదంతా, పులిశాక మిగిలిన సారాలోనూ పైకి పోయిన వాయువులోనూ కలిపి ఉండి తీరాలి, కాబట్టి వీటిని సమానమని రాయవచ్చు అంటాడు. పొద్దున దింపిన తాటినీరా మధ్యాహ్నానికి నురగ కట్టి కల్లవడం చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. ఆ నురగలో ఉన్నది కార్బన్ డయాక్సైడ్. 180 గ్రాముల గ్లూకోజు పూర్తిగా పులిస్తే 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. మూత లేని ముంతని తూస్తే బరువు తగ్గినట్టే కనిపిస్తుంది. తగ్గినది ఎక్కడికీ మాయం కాలేదు, మనం దాన్ని పట్టుకోలేదు, అంతే. మెగ్నీషియం తీగ కాల్చినప్పుడు దీనికి తిరగబడి, 24 గ్రాముల తీగ 40 గ్రాముల తెల్లటి బూడిదవుతుంది. గాలిలోంచి 16 గ్రాములు వచ్చి చేరింది. కాలిస్తే బరువు పెరగడమేమిటని పిల్లలు నమ్మరు. నమ్మకపోవడం మంచిదే. లావోయిజర్ ముందు తరాల వాళ్లని తికమకపెట్టింది ఈ ముడే.

తర్వాత బెర్లిన్‌లో లాండోల్ట్ అనే ఆయన గాజు గొట్టాలని పూర్తిగా మూసి, లోపల చర్యలు జరిపించి, ముందూ వెనకా తూచాడు. 1908 దాకా ఏళ్ల తరబడి ఇదే పని. తన త్రాసుకి అందేంత తేడా ఎక్కడా దొరకలేదు. ఐన్‌స్టీన్ మాట ప్రకారం వేడిగా బయటికిపోయే శక్తితో పాటు రవ్వంత ద్రవ్యం తగ్గాలి. 12 గ్రాముల బొగ్గు కాలితే తగ్గేది, గ్రాముని నూరు కోట్ల భాగాలు చేస్తే అందులో నాలుగైదు భాగాలు. ఏ వంటింటి పొయ్యికీ, ఏ చితికీ ఆ తేడా తెలియదు. నియమం ఇంత గట్టిది. నా ఫిర్యాదు నియమం మీద కాదు.

చితి లెక్కే వేద్దాం. మామయ్య అరవై కిలోల మనిషి. మనిషి బరువులో మూడింట రెండు వంతుల దాకా ఆక్సిజన్, ఐదో వంతుకి కాస్త తక్కువ కార్బన్. అంటే పదకొండు కిలోల కార్బన్. అదంతా కాలితే నలభై కిలోల కార్బన్ డయాక్సైడ్. నీరంతా ఆవిరి. చివరికి మిగిలే ఎముకల బూడిదలో ఎక్కువ భాగం కాల్షియం ఫాస్ఫేట్. మూడో రోజు సంచయనంలో మా బావ కుండలోకి ఎత్తి రాజమండ్రి తీసుకెళ్లి గోదావరిలో కలిపింది దాన్నే. ఒక్క పరమాణువూ నశించలేదు. ఆ పెద్దాయన మాట ఇంతవరకూ అక్షరాలా నిజం.

బతికున్న మామయ్య మాత్రం ఏం చేశాడు? కూర్చుని ఉన్న మనిషి కూడా రోజుకి సుమారు కిలో కార్బన్ డయాక్సైడ్ ఊపిరితో వదులుతాడు. చితి మీద పోయిన కార్బన్ అంతా కలిపి ఆయన నలభై రోజుల ఊపిరితో పోయినంత. డెబ్భై ఆరేళ్లు ఆయన అలా పోతూనే ఉన్నాడు, అన్నంలోంచి మళ్లీ వస్తూనే ఉన్నాడు. ఆ పోయిన కార్బన్ కోసం ఎవరూ ఏడవలేదు. ఆయన ఉచ్ఛ్వాస నిశ్వాసల్లో ఒక్కటి కూడా లావోయిజర్ నియమాన్ని తప్పలేదు, మరణమూ తప్పలేదు. బతికుండటానికీ చనిపోవడానికీ తేడా చూపించలేని నియమం, చనిపోయిన మనిషి ఎక్కడికీ పోలేదని ఎలా సాక్ష్యమిస్తుంది?

మామయ్య కొబ్బరికాయ చేతిలోకి తీసుకుని వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి, చెవి దగ్గర ఊపి, "ఇంకా పది రోజులుండాలే" అనేవాడు. దింపులో వచ్చిన గుట్ట పక్కన గొంతుక్కూర్చుని ఒక్కో కాయా అలా వేరు చేసేవాడు. ఆ వినికిడి ఏ పరమాణువులోనూ లేదు. పరమాణువులు ఒక తీరుగా అమరి, ఒక జీవితమంతా కాయల మధ్య తిరిగితే వచ్చిన విద్య అది. చితి మీద పోయింది ఆ అమరిక. సమీకరణంలో దానికి గడే లేదు.

ఇది నేను కల్పించి చెబుతున్న భేదం కాదు, రసాయన శాస్త్రమే చూపించింది. 1828లో జర్మనీలో వోలర్ అమ్మోనియం సయనేట్ అనే లవణాన్ని తయారుచేయబోతే యూరియా వచ్చింది. లవణంలో ఒక కార్బన్, ఒక ఆక్సిజన్, రెండు నైట్రోజన్లు, నాలుగు హైడ్రోజన్లు. యూరియాలోనూ సరిగ్గా అవే. బయటినుంచి ఒకటి వచ్చింది లేదు, బయటికి ఒకటి పోయిందీ లేదు. లోపల చోట్లు మారాయి. బాణం గుర్తుకి ఆ పక్కా ఈ పక్కా అంకెలు ఏమీ మార్చకుండానే తుల్యంగా ఉంటాయి, కానీ అటున్న వస్తువు వేరు, ఇటున్న వస్తువు వేరు. మన రైతు బస్తాల్లో తెచ్చి చేలో చల్లేది ఆ రెండోదాన్ని. లెక్క పైసాతో సహా సరిపోయినా వస్తువు మిగలకపోవచ్చని ఇంతకన్నా తేటగా ఎవరు చెప్పగలరు?

అందుకే ఆ ఓదార్పు మాట వింటే నాకు బోర్డు దగ్గరి పిల్లవాడు గుర్తొస్తాడు. "పదార్థం నశించదు" దగ్గర మొదలుపెట్టి "ఆయన నశించలేదు" దగ్గర తేలాలంటే, మధ్యలో ఎక్కడో కింది అంకె మార్చాలి. పదార్థం అన్నచోట మనిషినో ఆత్మనో పెట్టాలి. వాక్యం చక్కగా తెములుతుంది, వస్తువు మారిపోతుంది. చెప్పేవారు మంచి మనసుతోనే చెబుతారు. బోర్డు మీద రెండు వేసిన పిల్లవాడి మనసూ మంచిదే.

ఇందులో గీతకి జరిగే అపచారం నన్ను ఇంకా బాధిస్తుంది. రెండో అధ్యాయంలో భగవంతుడు ఆత్మ గురించి చెప్పేది ఆయుధానికి తెగనిది, అగ్నికి కాలనిది, నీటికి తడవనిది అని. చితి మీద రసాయన చర్య జరిగేది దేనికో అది ఆత్మ కానేకాదని దానర్థం. మనం ఏం చేస్తున్నాం? కాలేదాన్ని, తడిసేదాన్ని, త్రాసుకి దొరికేదాన్ని సాక్ష్యంగా తెచ్చి, కాలనిదాన్ని రుజువు చేయబోతున్నాం. అమెరికాలో మసాచుసెట్స్‌లోని హేవరిల్‌లో మక్‌డూగల్ అనే డాక్టరు ఇదే దారి ఇంకా ముందుకు తొక్కాడు. చావుకి దగ్గరగా ఉన్న ఆరుగురిని మంచాలతో సహా త్రాసు మీద పెట్టి తూచి, 1907లో ప్రచురించాడు. ఒక్కరి విషయంలో ఔన్సులో మూడు వంతులు, అంటే 21 గ్రాములు, తగ్గిందన్నాడు. మిగతా తూకాలు దానితో కలవలేదు. ఆ 21 గ్రాముల మాట ఇప్పటికీ మన ఉపన్యాసాల్లో వినిపిస్తుంది. ఆ తూకం నిక్కచ్చిగా నిలబడినా, ఉపనిషత్తులు చెప్పే ఆత్మకి దానివల్ల ఒరిగేదేమిటి? తూకానికి దొరికిన మరుక్షణం అది ఇంకొక పదార్థమవుతుంది, ఆవిరి లాంటిది, చెమట లాంటిది.

మన దర్శనకారులు ఈ ప్రశ్నని ఇంత అలవోకగా తీసుకోలేదు. ఒక వస్తువు మారినప్పుడు అందులో ఏది నిలిచింది, ఏది కొత్తగా పుట్టింది అన్నదాని మీద వందల ఏళ్లు తలలు బద్దలుకొట్టుకున్నారు. సాంఖ్యులు కార్యం కారణంలో ముందే ఉంటుందన్నారు. నువ్వుల్లోంచి నూనె వస్తుంది, ఇసుకలోంచి రాదు, కాబట్టి నూనె నువ్వుల్లో ఉన్నదే. న్యాయ వైశేషికులు ఒప్పుకోలేదు. దారాల్లో బట్ట ముందే ఉంటే నేతగాడెందుకు? బట్ట కొత్తగా పుట్టిందే అన్నారు. బౌద్ధ భిక్షువు నాగసేనుడు మిళింద రాజుకి పాలూ పెరుగూ వెన్నా చూపించి, ఇది అదే అనడానికీ లేదు, వేరే అనడానికీ లేదు అన్నాడు. నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించేది కుండ మీద జరిగిన వాదం, ఎందుకంటే అది నిజంగా ఒక రసాయన చర్య మీద జరిగింది.

పచ్చికుండ మసకగా ఉంటుంది. ఆవంలో పెట్టి కాలిస్తే ఎర్రనవుతుంది. ఎరుపు ఎక్కడికి వచ్చింది? వైశేషికులు పరమాణువులకే అన్నారు. వాళ్లది పీలుపాకవాదం. మంట తాకిడికి కుండ పరమాణువులుగా విడిపోతుంది, ఒక్కో పరమాణువులోనూ పాత రంగు పోయి ఎరుపు పుడుతుంది, మళ్లీ రెండేసి, మూడేసి కూడుకుంటూ కుండవుతుంది, ఇదంతా కంటికి అందనంత వేగంగా జరుగుతుంది. నైయాయికులది పిఠరపాకవాదం. కుండ కుండగానే ఉండి కాలుతుంది, సన్నని రంధ్రాల్లోంచి వేడి లోపలికి వెళ్తుంది, లేకపోతే ఇది మనం పెట్టిన కుండే అని ఎలా గుర్తుపడతాం అన్నారు. విడిపోయి కూడుకుంటే దాని మీద పెట్టిన కుండలు కూలిపోవా అని కూడా అడిగారు. తర్కసంగ్రహం రాసి, దానికి తనే దీపికని వ్యాఖ్య చేసిన అన్నంభట్టు ఈ రెండు పక్షాలనీ ఎత్తి చూపిస్తాడు. ఆయన తెలుగువాడేనని పెద్దలు చెబుతారు.

ఈనాడు మనకి తెలిసినంతలో, ఆవంలో వేడి ఐదారు వందల డిగ్రీలకి చేరేసరికి బంకమట్టి ఖనిజంలో బంధమై ఉన్న నీరు ఆవిరిగా పోతుంది. ఇనుప ఖనిజం గాలి తగులుతూ కాలి ఎర్రటి ఐరన్ ఆక్సైడ్ అవుతుంది. గాలి ఆడనివ్వకుండా పొగలో కాలిస్తే అదే మట్టి నల్లకుండవుతుంది. లోపల బంధాలు తెగి కొత్తవి పడ్డాయి, ఆ మేరకు వైశేషికులకి ఒక ముక్క దక్కుతుంది. కుండ ఆకారం చెదరలేదు, అది నైయాయికులకి దక్కుతుంది. కాకపోతే విడి పరమాణువుకి ఎరుపంటూ ఉండదు, ఎరుపు ఆ కూర్పుది. కూర్పుకే గాని కణానికి లేని గుణం ఉంటుందన్న ఈ సంగతి తెలిస్తే ఇద్దరూ మళ్లీ మొదటినుంచి వాదించుకునేవారు, అదీ ఎంతో ఇష్టంగా.

ఇక్కడ కూడా కింది అంకె మార్చేవాళ్లున్నారు. వైశేషిక దర్శనానికి మూలపురుషుడైన కణాదుడు డాల్టన్ కన్నా ఎంతో ముందే పరమాణువు చెప్పాడు కాబట్టి కెమిస్ట్రీ అంతా మనదే అంటారు. కణాదుడి పరమాణువులు పృథివి, నీరు, తేజస్సు, వాయువు అని నాలుగు జాతులవి. వాటి తొలి కదలికకి ఆ దర్శనం అదృష్టాన్ని, అంటే కంటికి కనబడని శక్తిని, కారణంగా చెబుతుంది. డాల్టన్‌వి తూకాల్లోంచి పుట్టాయి. పేరొక్కటి కలిసింది. కణాదుడు గొప్పవాడు, డాల్టన్ పని ఆయనకి అంటగడితే తప్ప గొప్పవాడు కాలేనంత తక్కువవాడు కాదు.

పునర్జన్మ గురించి అడిగితే నేను సున్నం లెక్క వేసి చూపిస్తాను. మా వైపు సంక్రాంతికి గుల్ల సున్నం వేసేవాళ్లు. గుల్లలని బట్టీలో కాలిస్తే 100 గ్రాముల కాల్షియం కార్బోనేట్‌లోంచి 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి 56 గ్రాముల పొడిసున్నం మిగులుతుంది. దానిలో 18 గ్రాముల నీరు కలిస్తే బుసబుసమని పొంగి, కుండ చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, 74 గ్రాముల తడిసున్నం అవుతుంది. గోడకి పూశాక రెండు మూడు రోజుల్లో అది గాలిలోంచి 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని, 18 గ్రాముల నీరు వదిలేసి, మళ్లీ 100 గ్రాముల కాల్షియం కార్బోనేట్ అవుతుంది. సున్నం వేసిన గోడ మూడో రోజుకి తెల్లగా మెరిసేది ఇందుకే. మొదలుపెట్టిన చోటికే వచ్చాం, పేరు అదే, ఫార్ములా అదే, బరువు అదే. గుల్ల తిరిగొచ్చిందా? గోడ మీదున్న కార్బన్‌లో ఒక్కటైనా ఆ గుల్లది అయ్యుండాల్సిన పనిలేదు. స్ఫటికం కూడా తేడానే. చాలా గుల్లల్లో అది అరగొనైట్, గోడ మీద పేరుకునేది ఎక్కువగా కాల్సైట్. ఇక లోపలి జీవి, గుల్ల మెలికలు, రంగుల చారలు ఆ లెక్కలో ఎప్పుడూ లేవు. పునర్జన్మ ఉంటే దాని సంగతి వేరు. ద్రవ్యం చక్రం తిరగడం దానికి రుజువు కాదు.

ఇంత చెప్పాక ఆ పెద్దాయన అడిగింది న్యాయమైన ప్రశ్న: "మరి ఏడుస్తున్నవాళ్లకి ఏం చెప్పమంటావమ్మా?" నేను మా బావని చూపించాను. భోజనాల తర్వాత మిగిలిన కాయలు సర్దుతూ, ఒకటి తీసి వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు. మామయ్య ఒంట్లోంచి ఒక్క పరమాణువు వెళ్లకుండానే ఆ విద్య వాడికి వెళ్లింది. ఇరవై ఏళ్లు పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. ద్రవ్య నిత్యత్వం దీన్ని కాపాడలేదు. వాడు నేర్చుకోకపోయి ఉంటే లావోయిజర్ నియమానికి వచ్చిన లోటేమీ లేదు, విద్య మాత్రం పోయేది. నేను అత్తయ్యకి చెప్పింది ఇదే, ఇంతకన్నా పెద్ద మాటలేం చెప్పలేదు. ఆవిడ ఏడుస్తూనే విని, "వాడు కొట్టే చప్పుడు ఇంకా మీ మామయ్యంత రాలేదులే" అంది.

తర్వాత ఈ చితి లెక్కా, కుండ వాదమూ తరగతిలోనూ చెప్పినప్పుడు ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న మాత్రం దీన్ని మించినది. "మేడమ్, చితి లెక్కలో ఆత్మ ఎక్కడొస్తాదండి?" అంది. క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. నేను ఆ ప్రశ్నకి ఆ పీరియడ్ అంతా ఇచ్చాను. లెక్క ఎక్కడైనా కుదరకపోతే కంటపడనిదేదో ఉందని అనుమానించాలి, అది మంచి పద్ధతి. కాలిన లోహం బరువెక్కితే గాలిలోంచి ఏదో చేరిందని పట్టుకున్నది అలాగే. కానీ చితిని పొగతో, ఆవిరితో సహా మూసి తూచగలిగితే లెక్కలో ఖాళీ మిగలదు. లాండోల్ట్ గొట్టాల్లో మిగలనట్టే. ఆత్మ దూరడానికి ఆ సమీకరణంలో సందు లేదు. "అయితే లేదాండి?" అంది. సందు లేదన్నానే గాని ఆత్మ లేదనలేదు అన్నాను. కాలేవాటి పట్టికలో అది రాదన్నది గీత మొదటే చెప్పింది, కాబట్టి ఈ పట్టిక దాన్ని నిలబెట్టలేదు, కొట్టేయనూ లేదు.

మన తర్కశాస్త్రం ఒక మాట నమ్మే ముందు ప్రమాణమేదని అడుగుతుంది. ప్రత్యక్షమా, అనుమానమా, ఉపమానమా, శబ్దమా? త్రాసూ సమీకరణమూ మొదటి రెండిటికీ చెందుతాయి. ఆత్మ నిత్యమన్నది నాకు శబ్ద ప్రమాణం మీద వచ్చిన నమ్మకం. గీత మీద, ఆ గీత నాకు చదివి వినిపించిన మా అమ్మ మీద ఉన్న విశ్వాసంలోంచి వచ్చింది. ఆ అమ్మాయికి ఇది దాచకుండా చెప్పాను. నువ్వు నమ్మాలని చెప్పలేదు. ఎవరైనా నీకు ఆత్మ ఉందని గాని, లేదని గాని కెమిస్ట్రీ పేరు మీద చెబితే, వాళ్లు ఏ మాట కింద ఏ అంకె మార్చారో చూడమని చెప్పాను. ఆ అమ్మాయి అది నోటుబుక్కులో రాసుకుని, "మరి ఎర్రకుండ వాదంలో ఎవరు గెలిచినట్టండి?" అని అడిగింది. అదింకా తేలలేదని చెప్పి, మర్నాటికి ఆ రెండు పక్షాలనీ వాళ్లనే వాదించుకురమ్మన్నాను.